ర్యాంకు మనం కూడా ఇద్దాం

"టీచర్, నాలుగు ఇంటర్వ్యూలు అయిపోయినయి. దేన్ని ముందు పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. మీరు చెప్పండి."

పోయిన ఆదివారం మా ఇంటికొచ్చి ఈ మాట అన్న పిల్ల ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా దగ్గర చదువుకుంది. తల్లి సికింద్రాబాద్ రోడ్లు ఊడ్చే కార్మికురాలు. తండ్రి లేడు. ఆ పిల్ల ఇప్పుడు గుండె డాక్టరు. ఎం.బి.బి.ఎస్., ఎం.డి., ఆ పైన డి.ఎం. కార్డియాలజీ అయిపోయింది. ఇంకా పైకి పోయి గుండెలో కరెంటు చదువు చదువుతానంటోంది. కార్డియాక్ ఎలక్ట్రోఫిజియాలజీ అని దాని పేరు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషిని నేనే. నన్నడిగితే నేనేం చెప్తా? అదే మాట అన్నా. "చదువు సంగతి నాకు తెలుసు టీచర్, మనుషుల సంగతి మీకు తెలుసు" అన్నది.

రాత్రి పదకొండు దాకా కాయితం ముందేసుకుని కూర్చున్నం. ఆ నాలుగు ఆస్పత్రుల పేర్లు నేనిక్కడ రాయను. పిల్ల ముందుముందు బతకాలి. ఊళ్ళల్ల ఉండే మన పాఠకులు "పి.హెచ్.సి.లో సూదిమందే దొరకదు, గుండె కరెంటుతో మాకేం పని" అనుకోవచ్చు. పని ఉంది. కొంచెం ఓపిక పట్టి చదవండి.

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటది. ఎవరూ ప్లగ్గు పెట్టకుండనే దానికి లోపల్నుంచే కరెంటు పుడుతుంది, సన్నటి దారుల వెంట పారుతుంది. ఆ దారిలో తేడా వస్తే గుండె ఉన్నట్టుండి నిమిషానికి నూట ఎనభై, రెండు వందలసార్లు కొట్టుకుంటది. లేదా ముప్ఫయికి పడిపోయి మనిషి కళ్ళు తిరిగి కూలబడతడు. మన వాడల్లో వయసులో ఉన్న ఆడపిల్లకు కూర్చున్నచోటే దడ వచ్చి చెమటలు పోస్తే ఏమంటరు? గాలి సోకిందంటరు, పూనకమంటరు. తాయెత్తు కడతరు, భూతవైద్యుడి చేత వేపమండలతో కొట్టిస్తరు. అటువంటి దడల్లో చాలావాటికి తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి తీగలు గుండెలోకి పంపి, తప్పుదారి ఎక్కడుందో వెతికి, ఆ చిన్న చుక్కంత చోటును వేడితో కాలిస్తే దడ పోతుంది. ఎక్కువమందికి మళ్ళీ రాదు. గుండె మరీ నెమ్మదిస్తే పేస్‌మేకర్ పెడతరు. ఇరుకిళ్ళలో పెరిగే పిల్లలకొచ్చే కీళ్ళజ్వరం సంగతి మనకు తెలిసిందే. కీళ్ళ నొప్పి పోయి అందరూ మరిచిపోయినంక అది గుండె కవాటాలను తినేస్తది. తర్వాత గుండె లయ తప్పుతుంది, లోపల రక్తం గడ్డ కట్టి మెదడుకు పోతుంది, నలభై ఏళ్ళకే కాలూచెయ్యి పడిపోతుంది. ఇవన్నీ ఎవరి రోగాలో వేరే చెప్పాల్నా?

ఈ విద్య నేర్పే చోట్లు దేశంలో తక్కువ. త్రివేండ్రం శ్రీచిత్ర, వెల్లూరు సి.ఎం.సి. వంటి చోట్ల డి.ఎం. తర్వాత ఫెలోషిప్ ఉంది. కొన్ని కార్పొరేట్ ఆస్పత్రులు తమకు తామే పెట్టుకున్నయి. ఒక్కోచోట ఒకటో రెండో సీట్లు. ఆ ఒకటీ రెండూ ఎవరికి పోతున్నయనేదే నా ప్రశ్న.

రిజర్వేషన్ ఉంటది గదా అని చాలామంది అనుకుంటరు. లేదు. 1992 నవంబర్ 16న మండల్ కేసు తీర్పొచ్చింది. మెజారిటీ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి. వెనకబడిన కులాలకు 27 శాతాన్ని నిలబెట్టిన తీర్పే అది. అందులోనే కొన్ని కొలువులకు రిజర్వేషన్ తగదని ఒక జాబితా ఇచ్చింది. విమానం నడిపే పైలట్లు, అణు శాస్త్రవేత్తలు, వాళ్ళ పక్కనే వైద్యంలో సూపర్ స్పెషాలిటీలు. 1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం చదువులో కూడా ఆ మెట్టు మీద రిజర్వేషన్ కుదరదన్నది. 2015 అక్టోబర్ 27న ఆంధ్ర, తెలంగాణ సీట్ల మీద వచ్చిన కేసులో, 371-డి కింద మన రాష్ట్రాల స్థానికుల సీట్లను ముట్టుకోలేదు గాని, పై చదువుల్లో ఏ రిజర్వేషనూ లేకుండా చూస్తే బాగుంటదని కేంద్రానికి హితవు చెప్పింది. 2017 నుంచి ఎక్కువ డి.ఎం. సీట్లకు దేశమంతా ఒకటే నీట్ ఎస్.ఎస్. పరీక్ష. కులం కోటా సున్నా. వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమలవుతోంది. మాలలం, మాదిగలం కుండలో ఎవరి వాటా ఎంతని కొట్లాడుకుంటున్నం. ఈ కుండలో ఇద్దరికీ మెతుకు లేదన్న సంగతి మీద మాత్రం ఒక్క మీటింగు పెట్టలేదు.

ఏం చెప్తరు దీనికి? మెరిట్ అంటరు. సరే, పరీక్ష రాసి డి.ఎం. దాకా ఎట్లనో పోయినం. ఆ పై మెట్టు మీద పరీక్ష కూడా చాలదు, ఇంటర్వ్యూ చేస్తరు. కార్పొరేట్ల దగ్గరైతే చాలాచోట్ల ఇంటర్వ్యూనే మొత్తం.

ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు రాస్త. ఒకచోట బోర్డులో నలుగురు. మొదటి ప్రశ్న, "మీ పూర్తి పేరు?" చెప్పింది. "ఇంటిపేరు?" చెప్పింది. "ఏ ఊరు?" "సికింద్రాబాద్." "అది కాదమ్మా, సొంతూరు?" "నాన్నగారేం చేస్తారు?" "లేరు." "అమ్మ?" ఈ పిల్ల తలెత్తి "రోడ్లు ఊడుస్తది సార్" అన్నది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "ఓ, వెరీ గుడ్, ఇన్‌స్పైరింగ్" అన్నరట. తర్వాత పెళ్ళెప్పుడన్నరు. గుండె గురించి అడిగింది ఒక్క ప్రశ్న. ఏడు నిమిషాల్లో బయటికి పంపిండ్రు. ఇంకోచోట ఒక పెద్దమనిషి "ఎం.బి.బి.ఎస్. కన్వీనర్ కోటాలో ఏ కేటగిరీ?" అని పదిహేనేళ్ళ కిందటి లెక్క తీసిండు. డి.ఎం. సీటుకు కేటగిరీయే లేదని ఆయనకు తెల్వదా?

ఇది మా పిల్ల ఒక్కదాని అనుభవం కాదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్ష మీద సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో రిపోర్టు ఇచ్చింది. మౌఖిక పరీక్షల్లో సూటిగానో డొంకతిరుగుడుగానో తమ కులం అడుగుతున్నరని విద్యార్థులు ఆ కమిటీకి చెప్పుకున్నరు. అంతకన్నా ముందు, 1980లో అజయ్ హసియా కేసు. శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో రాతపరీక్షకు నూరు మార్కులు, ఇంటర్వ్యూకు యాభై పెట్టిండ్రు. రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూ, అడిగింది తల్లిదండ్రులెవరు, ఇల్లెక్కడ అని. సుప్రీంకోర్టు ఏమన్నది? ఇంటర్వ్యూకు 15 శాతం మించి మార్కులు పెట్టడం ఇష్టారాజ్యమని చెప్పింది. ఇంటర్వ్యూను టేపు మీద రికార్డు చేస్తే మంచిదని కూడా అన్నది. టేపురికార్డరు పెళ్ళివాళ్ళింట్లో తప్ప కనబడని రోజుల్లో చెప్పిన మాట అది. ఇప్పుడు బోర్డులో కూర్చున్న ప్రతి ఒక్కడి జేబులో రికార్డు చేసే ఫోనుంది. రికార్డు చేయరు!

కేంద్రం కింది స్థాయి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1కు కూడా తీసేసింది. డిప్యూటీ కలెక్టరును ఎంచుకునే కాడ ఇంటర్వ్యూలో పక్షపాతం ఉంటదని ఒప్పుకున్నరు. డాక్టరును ఎంచుకునే కాడ మాత్రం ఉండదా? "చేతిలో నేర్పు చూడాలి గదా" అంటరు కొందరు మిత్రులు. చూడండి, నేను కాదనను. ఇ.సి.జి. పట్టీలు పది చేతికిచ్చి చదవమనండి. తీగ పట్టించి చూడండి. ఇంటిపేర్లో నేర్పు కనబడుతుందా?

ఇగ మా కాయితం సంగతి. వాళ్ళు మన పిల్లలకు ర్యాంకులిస్తున్నరు గదా, మనం కూడా వాళ్ళకు ఇయ్యొచ్చు గదా అని మొదలుపెట్టినం. పిల్ల మొదట రాసుకొచ్చిన లెక్కలు వేరే ఉన్నయి. పేరెంత పెద్దది, యంత్రాలెంత కొత్తవి, స్టైపెండ్ ఎంత, విదేశీ సర్టిఫికెట్ ఉందా. అవీ ఉండాలె, కాదనను. నేనడిగినవి ఇవి. అక్కడ తీగ ఎవరి చేతిలో ఉంటది? ఏడాదికి వెయ్యి కేసులని గోడ మీద రాసుకుంటరు, అందులో ఫెలో తన చేత్తో చేసేవెన్ని? పోయినేడు చదివిన పిల్లలకు ఫోన్ చేసి అడిగినవా? ఇద్దరికి చేసింది. ఒకడు "ఆర్నెల్లు స్క్రీను ముందు నిలబడి చూసిన, ఏడో నెల ఒక్క తీగ పట్టుకోనిచ్చిండ్రు" అన్నడట. అంత పేరున్న చోటు! అక్కడికి వచ్చేటోళ్ళు డబ్బు కట్టి పెద్ద డాక్టరే చేయాలనేవాళ్ళు. నేర్చుకునేవాళ్ళ చేతికి ఎవరిస్తరు?

చెయ్యి తిరిగేది పేదోళ్ళ ఒంటి మీదనే. మొహమాటం లేకుండ చెప్పుకోవాలె. 1897లో రొనాల్డ్ రాస్ ఇక్కడే, మన సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా పురుగును కనిపెట్టిండు. ఆ దోమలకు రక్తం తాగబెట్టిన రోగి హుస్సేన్ ఖాన్, దోమకు ఒక అణా కూలి. నోబెల్ ఎవరికొచ్చిందో అందరికీ తెలుసు. ముషీరాబాద్ జైలు కూలగొట్టిన జాగలో నిలబడ్డ మన గాంధీ ఆస్పత్రిలో పొద్దున ఓ.పి. చీటీల వరుస చూడండి. డాక్టర్ల చెయ్యి తిరిగేది ఆ వరుస వల్ల. మన ఒళ్ళు పాఠానికి పనికొస్తది గాని మన పిల్ల చెయ్యి తీగ పట్టడానికి పనికిరాదా అనేదే నా మంట.

అందుకే నా లెక్కలో ఇంకో మార్కు. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకొచ్చినోడికి అక్కడ ఏ మర్యాద ఉంది? 2007లో మొదలైన ఆ పథకానికి 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలు చేసిండ్రు. కార్డు చూడంగనే "బెడ్డు ఖాళీ లేదు" అనే చోట నేర్చుకున్న డాక్టరు రేపు ఏం నేర్చుకుని బయటికొస్తది? ఇంకా హాస్టల్ ఉందా, రాత్రి డ్యూటీలో ఆడపిల్లకు గది ఉందా, ఎక్స్‌రే గదిలో సీసం ఆప్రాన్ ఆమె కొలతది దొరుకుతదా, బాండు ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే సర్టిఫికెట్లు పట్టుకుంటరా. ఇంటర్వ్యూలో ఎట్ల మాట్లాడిండ్రు అన్నదానికి నేను అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేయమన్నా. పెళ్ళికి ముందే అట్ల మాట్లాడినోళ్ళు పెళ్ళయినంక ఎట్ల చూస్తరు!

లెక్క తేలింది. వేరే రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ సంస్థ పైకొచ్చింది. అక్కడి పెద్దాయన ఇరవై నిమిషాలు ఇ.సి.జి.లు తప్ప ఇంకోటి అడగలేదట. తప్పు చెప్తే తానే బోర్డు మీద గీసి చూపించిండట. స్టైపెండ్ తక్కువ, హాస్టల్ పాతది, పేద జనం వరద.

చిక్కు ఇక్కడే. ఆ "ఇన్‌స్పైరింగ్" ఆస్పత్రి వాళ్ళు బుధవారంలోపు అవునో కాదో చెప్పమన్నరు. ప్రభుత్వ సంస్థ ఫలితం రావడానికి ఇంకా పదిహేను రోజులు. తల్లి అన్నది, "టీచరమ్మా, మబ్బును చూసి కుండల నీళ్ళు ఒలకబోసుకుంటమా?" ఆ మాటకు నా దగ్గర సూటి జవాబు లేదు. మన భయం తెలిసే వాళ్ళు తొందరపెడతరు. అయ్య ఆస్తి ఉన్నోడు పదిహేను రోజులు ఆగుతడు. ఒక నెల జీతం లేకపోతే కిరాయి కట్టలేనోళ్ళం ముందు దొరికిన దానికే తలూపుతం.

అమెరికాలో ఈ తొందరపెట్టే రోగం బాగా ముదిరితే 1952లో ఒక మందు కనిపెట్టిండ్రు. మ్యాచ్ అంటరు. ఇంటర్వ్యూలన్నీ అయినంక డాక్టర్లు తమకిష్టమైన వరుసలో ఆస్పత్రుల పేర్లు రాసిస్తరు, ఆస్పత్రులు తమ వరుస రాసిస్తయి, యంత్రం కలుపుతుంది, అందరికీ ఒకటే రోజు ఫలితం. "మమ్మల్ని ఎన్నో నంబరు పెట్టినవ్" అని ఆస్పత్రి అడగకూడదు, అది నియమం. గుండె కరెంటు ఫెలోషిప్ సీట్లు కూడా అందులోకొచ్చినయి, మన తెలుగు పిల్లలు చాలామంది ఆ వరుసలు రాసే ఉంటరు. ఆ లెక్కల శాస్త్రానికి ఆల్విన్ రోత్, లాయిడ్ షాప్లీలకు 2012లో నోబెల్ వచ్చింది. అందులో తేలిందేమంటే, మనసులో ఉన్న వరుసను ఉన్నట్టు రాసినోడికి నష్టం లేదు. పైన పెద్దది పెట్టినందుకు కింద ఉన్నది పోదు. అక్కడ కూడా ఆస్పత్రి రాసే వరుసలోకి జాతి చూపు దూరొచ్చు, యంత్రం దాన్ని కడగలేదు. కానీ "బుధవారంలోపు చెప్పు" అనే బెదిరింపు మాత్రం పోయింది.

ఊళ్ళల్ల పనిచేసే మన కార్యకర్తలు ఈ ఒక్క సంగతి పట్టుకోండి. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లకూ ఇదే లెక్క. ప్రతి ఏడూ నెట్ సెంటర్‌లో చూస్తున్న. మన పిల్లలు "ఆ కాలేజీ మనకెక్కడొస్తది" అని యూనివర్సిటీ కాలేజీ పేరే పెట్టరు. ఊరి పక్క ప్రైవేటు కాలేజీని ఒకటో నంబరు పెట్టి లాక్ చేస్తరు. అదే ర్యాంకు, అదే కేటగిరీ ఉన్న ఇంకో పిల్లగాడు పైన పెట్టి తీసుకుంటడు. అక్కడ ర్యాంకు వరుసనే సీటిస్తరు. పైన ఎన్ని పెద్ద పేర్లు పెట్టినా కింది సీటు ఎటూ పోదు. మన భయమే మన సీటును పోగొడుతోంది.

మంగళవారం రాత్రి పిల్ల ఆ కార్పొరేట్ వాళ్ళకు రానని రాసి పంపింది. నేను చేయించిన పనే. ప్రభుత్వ సంస్థలో రాకపోతే ఆ పిల్లకు ఒక ఏడాది పోతుంది, తల్లి మొహం నేను చూడలేను. ఫలితం ఇంకా రాలేదు.

ఏ చదువుకైనా, ఏ కొలువుకైనా ఇంటర్వ్యూకు పోయొచ్చిన మన పిల్లలు పత్రికకు ఉత్తరం రాయాలె. ఎన్ని నిమిషాలు కూర్చోబెట్టిండ్రు, మొదటి ప్రశ్న ఏంది, సబ్జెక్టు మీద ఎన్ని ప్రశ్నలు, ఇంటి మీద ఎన్ని, రికార్డు చేసిండ్రా లేదా. పిల్లల పేర్లు వేయం. ఉత్తరాలు యాభై జమైతే పట్టుకుని హైదరాబాద్‌లో ఆరోగ్య మంత్రి దగ్గరికి పోదాం. అజయ్ హసియా తీర్పు నకలు నేను తెస్త.