బాలింతకు మంచి ముక్క

ఇంట్లో పురుడు వచ్చిందంటే ఆంక్షలన్నీ వంటింట్లోనే మొదలవుతాయి. నీళ్లు ఎక్కువ తాగొద్దు, ఆకుకూరలు బిడ్డకు పడవు, మాంసం అప్పుడే వద్దు అంటారు. కారప్పొడి, నెయ్యి అన్నంతోనే రోజులు గడిపిన బాలింతలు మీ ఇంట్లోనూ ఉండి ఉంటారు. ఫిలిప్పీన్స్‌లో మాత్రం ఆ రోజుల్లో తల్లికి వేడివేడిగా పల్చటి కోడికూర వండి పెడతారు. దాని పేరు తినోలా.

అందులో పడేవన్నీ మనకు తెలిసినవే. అల్లం, పచ్చి బొప్పాయి, మునగాకు. మనమేమో ఆషాఢంలో ఓసారి మునగాకు వండుకుని, మిగతా ఏడాదంతా కాయల కోసమే ఆ చెట్టు వంక చూస్తాం.

వండటం తేలిక. నలుగురికైతే ముప్పావు కిలో కోడి ముక్కలు చాలు. చెంచా నూనెలో ఉల్లి, వెల్లుల్లి, సన్నగా తరిగిన రెండంగుళాల అల్లం వేయించి, ముక్కలు వేసి కాసేపు మగ్గనివ్వాలి. ఆరు కప్పుల నీళ్లు పోసి సన్నటి మంట మీద అరగంటకు పైగా ఉడికించాలి. అక్కడ కొందరు బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు పోస్తారు. ఎముక దగ్గర కూడా ఎరుపు కనిపించకూడదు. తర్వాత బొప్పాయి ముక్కలు వేసి పది నిమిషాలు ఉంచాలి. మునగాకు చివర్లో రెండు గుప్పెళ్లు వేసి, రెండు నిమిషాలకు దించేయాలి. గర్భిణులకు వండితే పచ్చి బొప్పాయి బదులు సొరకాయ గానీ బెంగళూరు వంకాయ గానీ వేయండి.

ఒక్క జాగ్రత్త. అక్కడ ఉప్పదనం కోసం చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన ‘పాతిస్’ వేస్తారు. పెద్ద చెంచాడు పాతిస్‌లోనే 3 గ్రాములకు పైగా ఉప్పు ఉండొచ్చు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మామూలు ఉప్పు కొద్దిగా వేసి, రుచి భారం అల్లానికి వదిలేయండి. బీపీ, కిడ్నీ జబ్బులున్నవారు, సిజేరియన్ అయినవారు డాక్టర్ చెప్పినట్టే తినాలి.

మునగాకుతో పాలు బాగా పడతాయని అక్కడి తల్లుల నమ్మకం. పాలు పెరగడానికి అసలు మార్గం మాత్రం బిడ్డకు తరచూ పట్టడమే. అయితే పాలిచ్చే తల్లికి ప్రొటీన్, క్యాల్షియం, ఐరన్, తగినన్ని నీళ్లు కావాలి. మనం పథ్యం పేరుతో కోత పెట్టేది సరిగ్గా వీటికే. తినోలా గిన్నెలో ఇవన్నీ ఉన్నాయి.

ఫిలిప్పీన్స్ రచయిత హోసే రిజాల్ 1887లో అచ్చేసిన ‘నోలి మే తాంగెరే’ నవలలో ఓ విందు ఉంది. వడ్డించింది తినోలాయే. అతిథి గిన్నెలో మంచి ముక్కలు పడతాయి. పాద్రీ గారికి మెడ, గట్టి రెక్క వస్తాయి. ఆయన కోపం అంతా ఇంతా కాదు. మన ఇళ్లలో ఆ మెడ, రెక్క ఎవరి వాటాకు వస్తున్నాయో ఓసారి చూడండి. అందరూ తిన్నాక అడుగూ బొడుగూ తినే కోడలికైతే కోపం వచ్చినా పైకి కనిపించదు.

ఈ ఆదివారం కోడి తెస్తే, అందులో కొంత ఇలా వండండి. ముందు వడ్డించాల్సింది బాలింతకు. మంచి ముక్క కూడా ఆమెకే.