నాలుగు పిలుపులూ పలికాయి, అయినా...

రాత్రి ఏడు దాటితే మా ఇంటి అంతర్జాలానికి నత్తి వస్తుంది. డల్లాసులోని మనుమరాలికి ఆదివారాలు వీడియోలో పద్యాలు చెబుతుంటాను. ఉత్పలమాలలో సరిగ్గా యతి పడవలసిన చోట అక్షరాలు ఎగిరిపోతున్నాయి. "తాతయ్యా, మళ్ళీ చెప్పు" అని నాలుగుసార్లు అడిగి, ఐదోసారి అడగడం మానేసింది.

మర్నాడు ఉదయం పదకొండు గంటలకు సహాయకేంద్రానికి ఫోను చేశాను. ఆ అబ్బాయి మర్యాదస్తుడే. రౌటరు ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు. పింగ్ కొట్టమన్నాడు. నాలుగుకు నాలుగూ తిరిగివచ్చాయి. "మా వైపు అంతా బాగుంది సార్" అని ఫిర్యాదు మూసివేశాడు.

పింగ్ 1983లో మైక్ మూస్ రాసిన చిన్న ప్రోగ్రాము. సోనార్ ధ్వనిని తలచుకొని ఆ పేరు పెట్టాడు. "ఉన్నావా?" అంటే అవతలి యంత్రం "ఉన్నాను" అంటుంది, అంతే. విండోసులో మామూలుగా నాలుగుసార్లు, సారికి 32 బైట్లు మాత్రమే పంపుతుంది. ఇరవై ప్యాకెట్లకు ఒకటి చొప్పున ఎక్కడపడితే అక్కడ పోతున్నా, ఆ నాలుగూ క్షేమంగా తిరిగివచ్చే అవకాశం నూటికి 81 పాళ్ళు! (నేను తెలుగు పండితుణ్ణి, లెక్కను మా లెక్కల మాస్టారిచేత సరిచూయించాను.)

ట్రేస్‌రూట్ విషయంలో మాత్రం పొరపాటు నాదే. మధ్య వరుసల్లో నక్షత్రాలు చూసి దొంగ దొరికాడనుకున్నాను. దారిలోని రౌటర్లకు ప్యాకెట్లు చేరవేయడమే ముఖ్యం. ఇటువంటి పలకరింపులకు కొన్ని ఆలస్యంగా బదులిస్తాయి, కొన్ని అసలు ఇవ్వవు. పైగా అది చూపేది పోయే దారినే. వచ్చే దారి వేరు కావచ్చు.

పొగను చూసి నిప్పును ఊహించవచ్చునన్న తర్కశాస్త్రమే, పొగ లేదు గనుక నిప్పు లేదనడాన్ని ఒప్పుకోదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో పొగ ఏదీ?

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. ఎదుట తెర మీదున్న ప్రశ్నలు దాటే అధికారం అతనికి ఇవ్వలేదు. "ఏ వేళకు వస్తోందండీ ఈ బాధ?" అన్న ప్రశ్న ఆ వరుసలో లేనే లేదు. వైద్యుడు మొదట అడిగేది అదే కదా! రాత్రి వచ్చే జ్వరానికి పగలు నాడి చూసి ఆరోగ్యమనడం ఏం న్యాయం? ఫిర్యాదు చెప్పిన వేళకే, కనీసం అరగంట ఆపకుండా కొలవాలి. వాడుకరి రాసిన లెక్కను పై అధికారికి పంపే వీలు ఆ మొదటి మనిషికే ఉండాలి.

వరుసగా నాలుగు రాత్రులు నేనే కొలిచాను. ఇంటి రౌటరు వరకు ఒక్కటీ పోలేదు. బయటికి పంపినవాటిలో వెయ్యికి యాభైకి పైగా పోయాయి. వేళలతో సహా కాగితం మీదికెక్కించి పంపాను. నిన్న ఉదయం ఒక అమ్మాయి ఫోను చేసి, "సార్, ఒకసారి రౌటరు ఆఫ్ చేసి ఆన్ చేస్తారా?" అంది.