ఏకాగ్రత ఒక్కటే చాలదు

తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచ యుద్ధకాలం నాటి రన్‌వే ఒకటి ఉంది. దానిపై విమానాల రాకపోకలు లేవు. అయినా దానిని చూస్తూ పెరిగిన పిల్లలలో కొందరికి విమాన చోదకులు కావాలన్న కోరిక కలగడం సహజమే. అటువంటి విద్యార్థికి పెద్దలు చెప్పే మొదటి మాట ఏకాగ్రత. ద్రోణుడు అడిగినప్పుడు అర్జునునికి పక్షి కన్ను తప్ప మరేదీ కనిపించలేదన్న కథ చిన్ననాడే విన్నదే. విలువిద్యకు అది చక్కని పాఠం. విమానయానానికి మాత్రం అది సగం పాఠమే. ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమైన పాఠం కూడా.

1972 డిసెంబర్ 29వ తేదీ రాత్రి న్యూయార్క్ నుండి మయామీ చేరవలసిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401వ విమానంలో, ముందు చక్రం దిగినట్లు తెలిపే చిన్న దీపం వెలగలేదు. విమానాన్ని 2,000 అడుగుల ఎత్తున ఆటోపైలట్‌కు అప్పగించి సిబ్బంది ఆ దీపం సంగతి చూడసాగారు. ఇంతలో ఎత్తును నిలిపి ఉంచే అమరిక వారికి తెలియకుండానే తొలగిపోయింది. క్రింద ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలు. అమావాస్యనాడు కొల్లేటి నడుమ పడవలో ఉన్నవారికి ఆ స్థితి ఊహకందుతుంది. లంక గ్రామాల దీపాలు కనుమరుగైతే నీరేదో నింగి ఏదో తెలియదు. ఎత్తు తగ్గుతున్నదని గంట మ్రోగినా ఎవరూ గమనించలేదు. 101 మంది మరణించారు. నిజానికి చక్రం సరిగానే దిగి ఉంది. చెడినది బల్బు మాత్రమే.

ఆ సిబ్బంది సోమరులు కారు, కబుర్లలో మునిగినవారూ కారు. అందరూ పనిలోనే ఉన్నారు; అందరూ ఒకే పనిలో ఉన్నారు. 1974లో షార్లట్ వద్ద మరొక విమానం కూలినప్పుడు, దిగే వేళ చోదకులు రాజకీయాలు ముచ్చటించుకుంటున్నట్లు తేలింది. 1981లో అమెరికా ప్రభుత్వం 10,000 అడుగులకు దిగువన ప్రయాణీకుల విమానాలలో అనవసర సంభాషణను నిషేధించింది. నిషేధం మంచిదే. అయితే పని రూపంలో వచ్చే పరధ్యానాన్ని ఏ నిషేధమూ ఆపలేదు.

శిక్షణలో ఈ ముప్పు మరింత ఎక్కువ. చిన్న విమానం నేల విడిచిన క్షణంలో సరిగా పడని తలుపు తెరచుకుంటుంది. గాలి హోరున వీస్తుంది. అయినా విమానం ఎగురుతూనే ఉంటుంది. తలుపు మూయబోయిన విద్యార్థి వేగం చూడడం మరచిపోతాడు. దిగడానికి చివరి మలుపు తిరిగే వేళ ఇటువంటి మరపు మరీ అపాయకరం. ముక్కు పైకెత్తి వేగం తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు; ఆ కొద్దిపాటి ఎత్తులో సరిదిద్దుకొనే వ్యవధి ఉండదు. ఇక ఆటపాక గూడబాతుల వంటి పెద్ద పక్షులు తిరిగే చోట చూపు అద్దం వెలుపలే ఉండాలి. అందుకే చోదకులకు ఒక వరుస నేర్పుతారు: ముందు విమానాన్ని నడపాలి, తరువాత దారి చూసుకోవాలి, ఆ పైననే మాట్లాడాలి.

మన విద్యార్థికి ఇందులో కష్టమైనది చివరి మాట. గురువు అడిగిన వెంటనే లేచి బదులు చెప్పడం మన తరగతి గదులు నేర్పిన మర్యాద. ప్రక్క సీటులోని శిక్షకుడు ప్రశ్న వేస్తే ఆ మర్యాదే అతని కళ్ళను వేగమాపకం మీదినుండి తప్పిస్తుంది. లోపం విద్యార్థిది కాదు; ఎప్పుడు అడగాలో తెలియని గురువుదే.

మన దేశంలో వాణిజ్య విమాన చోదకుని లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఆ గంటలలో పరధ్యానాన్ని కూడా పాఠంగా చెప్పాలి. అమెరికాలో శిక్షకులు సురక్షితమైన ఎత్తున, విమానం మెల్లగా సాగుతుండగా, కావాలనే పెన్సిల్ జారవిడిచి తీసి ఇమ్మంటారు. వంగిన విద్యార్థి వేగాన్ని విస్మరించాడా లేదా అన్నదే పరీక్ష. “కొంచెం ఆగండి సార్” అని, రెక్కలను సమం చేసుకొని, వేగం చూసుకొని, ఆ తరువాత పెన్సిల్ కోసం చేయి చాచిన విద్యార్థికి మన శిక్షకుడు చీవాట్లు కాదు, మార్కులు వేయాలి.