హెలికాప్టర్ దిగండి... ఆస్పరి దారిన రండి!

పట్నమోళ్లకు కొత్త సరదా పుట్టింది. సెలవు దొరికితే చాలు, హైవే వదిలి పల్లె దారుల్లో కారు మెల్లగా పోనిస్తూ, ఏటి ఒడ్డున ఆగి ఫొటోలు తీసుకుంటూ తిరగడం. మంచిదే! ఆ సరదా మన పాలకులకు కూడా పుట్టాలని మా కోరిక. మంత్రాలయంలో హెలికాప్టర్ దిగి, దర్శనం చేసుకుని, మళ్లీ గాల్లోనే ఎగిరిపోయే దొరలకు పడమటి కర్నూలు ఎట్లా కనపడుతుంది? రెండు రోజులు తీరిక చేసుకుని ఆస్పరికి రండి. దారి మేం చెబుతాం.

ఆస్పరి ముంబై-చెన్నై రైలు మార్గం మీది ఊరు. చేలల్లో పత్తి, వేరుశనగ, ఉల్లి, టమోటా. ధర ఉన్ననాడు లారీలు వరుస కడతాయి. ధర పడిననాడు కోతకూలి కూడా రాక టమోటాలు రోడ్డు పక్కన పారబోస్తారు. మీ టైర్లకు అంటిన ఎరుపు మట్టి అనుకునేరు. అది రైతు కష్టం!

అక్కడి నుంచి ఆదోని. కోట చూడండి, పత్తి మార్కెట్ చూడండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 1953లో బళ్లారి జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రానికి వచ్చాయి. తుంగభద్ర డ్యాం ఉన్న హోస్పేట మైసూరుకు పోయింది. తాళం చెవి ఒకరి చేతికి, ఖాళీ కుండ మన చేతికి!

ఆదోని దాటి కోసిగి దారి పట్టండి. పంట కాలం అయ్యాక రండి, ఊళ్లలో ఇళ్లకు తాళాలు కనపడతాయి. ముసలోళ్లు మాత్రం అరుగుల మీద ఉంటారు. తక్కినోళ్లంతా సుగ్గికి పోయుంటారు. గుంటూరు మిరప చేలల్లో కాయ కోసే చేతులు ఇక్కడివే. బడిలో పేరుండి పిల్లోడు లేడంటే వాడూ అమ్మానాన్నల వెంట పోయినట్టే!

ఇప్పుడు మంత్రాలయం. తుంగభద్ర ఒడ్డున కాసేపు కూర్చోండి. 2009 అక్టోబరులో ఇదే ఏరు ఊరిని ముంచింది, కర్నూలును ముంచింది. ముంచడానికి వచ్చే నీళ్లు తడపడానికి ఎందుకు రావు?

"వాన పడని సీమ, ఎవరేం చేస్తారు?" అంటారు కొందరు మేధావులు. అయ్యా, ఏరు మా గడప ముందే పారుతుంది కదా! తుంగభద్ర దిగువ కాలువ కింద మన జిల్లాలో లక్షా 51 వేల ఎకరాల ఆయకట్టు అని కాగితాలు చెబుతాయి. ఆ కాలువ పైనంతా కర్ణాటకలో తిరిగి తిరిగి వస్తుంది. ఎగువన ఎన్ని మోటార్లు తాగినా, నష్టం చివరి మడికే. డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడిక పడి ఇప్పుడు పట్టేది సుమారు 105. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయింది. డ్యాం ఖాళీ అవుతుంటే పైరు పెట్టిన రైతుకు నిద్ర పట్టలేదు.

ఎమ్మిగనూరులో ఆగండి. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం నిలబెట్టి మగ్గానికి అన్నం పెట్టారు. పడమటోళ్లకు తెలివి లేదనేవాళ్లు ఆ చరిత్ర చదువుకోవాలి. మాకు లేనిది తెలివి కాదు, నీళ్లు!

గాజులదిన్నె మీదుగా పత్తికొండ చేరండి. 1827లో థామస్ మన్రో కలరాతో కన్ను మూసిన ఊరిది. ఆ దొర సీమ పల్లెలు తిరిగి రైతును చూశాడు. పరాయి పాలకుడు చేసిన పని మనోళ్లకు చేతకాదా? పక్కనే హంద్రీ-నీవా కాలువ. మన పొలాల మధ్యనుంచే నీళ్లు పోతుంటే గట్టు మీద నిలబడి చూడాల్సిన రైతులెందరో అడిగి తెలుసుకోండి.

1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో రాయలసీమకు ముందు వాటా అని రాసుకున్నారు. రాసిన సిరా ఆరి ఎన్నేళ్లయింది? గుండ్రేవుల, వేదవతి ఎత్తిపోతల, ఆర్డీఎస్ కుడికాలువ... పేర్లు ఎన్నికలప్పుడు వినపడతాయి, తర్వాత మట్టిలో కలుస్తాయి.

సీమ బిడ్డలారా! ఓటుకు వచ్చేవాణ్ని ఈసారి వేదికెక్కనీయకండి. ముందు కారెక్కించండి. ఆస్పరి నుంచి ఆస్పరి దాకా ఈ దారంతా తిప్పండి. ఏ పనికి ఎంత డబ్బు, ఏ తేదీకి పూర్తి అని ఊరూరా చెప్పించండి. చెప్పలేనివాణ్ని అక్కడే దించేయండి. నడిచి వస్తాడు, దారి తెలుస్తుంది!