డబ్బా మీద వాట్లను నమ్మవద్దు

సంపాదకుల వారికి,



పండుగ అమ్మకాల్లో రెండు మూడు వేలు పెట్టి పాటలు వినే స్పీకరు కొనేవాళ్లు ముందుగా చూసేది డబ్బా మీది పెద్ద అంకె. '3000 వాట్స్ పీఎంపీఓ' అంటారు. ఆ అంకెకు విలువ ఇవ్వవద్దని మీ పత్రిక గట్టిగా చెప్పాలి.

పీఎంపీఓ అంటే క్షణకాలం వచ్చే గరిష్ఠ శక్తి అని చెబుతారు కానీ, దాన్ని ఎలా కొలవాలన్న దానికి అందరూ ఒప్పుకున్న పద్ధతే లేదు. ఎవరికి తోచిన అంకె వాళ్లు వేస్తున్నారు. నిలకడగా వచ్చే శక్తిని చెప్పేవి ఆర్‌ఎంఎస్ వాట్లు. కంప్యూటరు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. దానితోనే నడిచే స్పీకరుకు వందల వాట్లు ఎక్కడి నుంచి వస్తాయి? అడాప్టరు ఉంటే దాన్ని తిప్పి చూడండి. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే 24 వాట్లు. బ్యాటరీ లేని స్పీకరు అంతకు మించి నిలకడగా ఇవ్వలేదు.

నిజంగా వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. ఒక గదిలో వినడానికి పది ఆర్‌ఎంఎస్ వాట్లు ధారాళంగా సరిపోతాయి. దుకాణంలో మీకు బాగా తెలిసిన పాట పెట్టించుకోండి. గాయకుడి మాట స్పష్టంగా ఉందా, సౌండు పెంచితే డబ్బా గలగలమంటోందా అన్నది మీ చెవులే చెబుతాయి.

అలాగే, డిజిటల్ ధ్వని నాణ్యతను చెప్పే '24 బిట్, 192 కిలోహెర్ట్జ్' అన్న ముద్ర కోసం అదనంగా పెట్టే డబ్బూ అనవసరమే. 1982లో వచ్చిన సీడీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌తోనే మనిషి వినగలిగే 20 కిలోహెర్ట్జ్ వరకు అందిస్తుంది. 1950ల నాటి మన మోనో పాటల్లో రికార్డు కాని ధ్వనిని ఏ అంకే పుట్టించలేదు. ఆ డబ్బు మంచి హెడ్‌ఫోన్ మీద పెడితే తేడా వెంటనే వినిపిస్తుంది.

ఇళ్లలో వాడే ఆంప్లిఫయర్ల మీద ఇలాంటి ఉబ్బిన అంకెలను అరికట్టడానికి అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన తెచ్చింది. నిలకడ శక్తి ఎంతో, అది ఎంత డిస్టార్షన్‌తో వస్తుందో చెప్పాలంది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా డబ్బా మీద ఆర్‌ఎంఎస్ వాట్లనే ముద్రించాలని ఆదేశించాలి. అప్పటిదాకా, పీఎంపీఓ అంకెలున్న ప్రకటనలను మీ పత్రికలో వేయవద్దని మనవి.

– ఒక పాఠకుడు, హనుమకొండ