గాడిద చాకిరీకి మీటరెంత?

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ దిగి షేర్ ఆటో కోసం పరిగెత్తేవాళ్లకి అనుసంధానం అంటే ఏమిటో పాఠం చెప్పక్కర్లేదు: రైలూ బాగానే ఉంటుంది, ఆటో కూడా బాగానే ఉంటుంది, అవస్థంతా మధ్యలోనే. ఇక్కడి చిన్న వ్యాపారాల సంగతీ అంతే. ఆర్డరు వాట్సాప్‌లో, బిల్లు ట్యాలీలో, బాకీల చిట్టా ఎక్సెల్‌లో. వాటిని కలిపేవి ఒక కుర్రాడి వేళ్లు. సేల్స్‌ఫోర్స్ 2018లో కొన్న అనుసంధాన సాఫ్ట్‌వేర్ మ్యూల్‌సాఫ్ట్‌కి ఆ పేరొచ్చింది ఈ గాడిద చాకిరీ వల్లే. అయితే హోల్‌సేల్ కొట్టుకి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. నన్నడిగితే ఫీచర్ల పట్టిక పక్కనపెట్టి మీటరు ఎలా తిరుగుతుందో చూడండి (ఆటో ఎక్కేముందు అడగమూ?). చిన్న కొట్లకి సరిపోయే అనుసంధాన సాధనాల్లో జేపియర్ ప్రతి పనినీ విడిగా లెక్కేస్తుంది. ఒక్క ఆర్డరు నాలుగు పనులు చేయిస్తే నాలుగూ ఖాతాలో పడతాయి. ఎన్‌ఎయిట్‌ఎన్ అనే మరో సాధనం క్లౌడ్‌లో ఆ మొత్తం ఒక్కసారి నడిచినట్టే లెక్క. దాన్నే సొంత సర్వర్‌లో పెట్టుకుని ఆఫీసు పనులకి వాడుకుంటే ఉచితం అంటారు, నిజమే. అర్ధరాత్రి అది పడిపోతే లేచి కూర్చునేవాడి జీతాన్ని మాత్రం ఆ ఉచితంలో కలపరు. అలాంటి మనిషి లేనిచోట, సర్వర్ బాధ్యత కంపెనీయే చూసుకునే జేపియరో జోహో ఫ్లోనో నయం. ఏదైనా సరే, డబ్బు కట్టకముందే మీ కౌంటర్ మీది ట్యాలీతో, మీ నిన్నటి బిల్లుతో నడిపి చూపించమనండి.