‘అతికించిన’ ప్రేమకథ

‘పీకే’ సినిమా మీద ఇన్నేళ్ళుగా నేను విన్న అభిప్రాయాలన్నింటిలోనూ మారకుండా వినిపించే మాట ఒకటుంది. “సినిమా బాగుంది గానీ, ఆ ప్రేమకథే అతికించినట్టుంది.” భక్తులు అన్నారు, హేతువాదులూ అన్నారు. మతం పేరెత్తితే ఒకరి మీదికొకరు లేచే మనుషులు ఈ ఒక్క విషయంలో ఎంత సఖ్యంగా ఉన్నారో చూస్తే నాకు ముచ్చటేసింది. భయం కూడా వేసింది. ఇంత ఏకాభిప్రాయం ఎక్కడ కుదిరినా ఆ పక్కనే ఎవరో ఒక స్త్రీ మాట్లాడకుండా నిలబడి ఉంటుందని నా అనుభవం.

2014 డిసెంబరు 19న ఈ సినిమా విడుదలైనప్పుడు నేను హైదరాబాదులో ఎం.ఫిల్. చేస్తున్నాను. హాస్టల్లో, క్యాంటీన్‌లో, బస్సులో అదే చర్చ. అహ్మదాబాద్‌లో, భోపాల్‌లో థియేటర్ల మీద దాడులు చేశారు. ఉత్తరప్రదేశ్, బీహార్ ప్రభుత్వాలు వినోదపు పన్ను మినహాయించాయి. నిషేధించమని వేసిన పిటిషన్‌ని 2015 జనవరిలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అంతకుముందు ఆగస్టులోనే, ఆమిర్ ఖాన్ ఒంటిమీద ట్రాన్సిస్టర్ తప్ప ఏమీ లేని పోస్టర్ గురించి కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళొచ్చారు. మనవాళ్ళకి ఆ సంక్రాంతికి ‘గోపాల గోపాల’ వచ్చింది కనక, దేవుణ్ణి ఎవరు బాగా ప్రశ్నించారు, ఎవరు ముందు ప్రశ్నించారు అన్న పోలికతో ఇంకో నెల గడిచింది. ఇంత గొడవలో జగ్గు ఊసెత్తినవాళ్ళు లేరు. ఎత్తినా అనుష్కా శర్మ పెదవుల గురించీ, పొట్టి జుట్టు గురించీ.

కథ తెలిసిందే అయినా ఒకసారి ఆమె వైపు నుంచి చెప్పుకుందాం. జగత్ జననీ సాహ్నీ. (జగజ్జనని అని తల్లిదండ్రులు పెట్టుకున్న పేరుని జగ్గుగా కుదించుకుని తిరిగే అమ్మాయి. ఈ ఒక్క వివరానికే ఒక వ్యాసం రాయొచ్చు.) బెల్జియంలో బ్రూజ్ నగరంలో చదువుకుంటూ సర్ఫరాజ్ అనే పాకిస్తానీ కుర్రాణ్ణి ప్రేమిస్తుంది. ఢిల్లీలో తండ్రి, తండ్రి కొలిచే తపస్వీ మహరాజ్. ఆ కుర్రాడు మోసం చేస్తాడని స్వామీజీ జోస్యం చెబుతాడు. మొండిగా మర్నాడే చర్చిలో పెళ్ళికి సిద్ధపడుతుంది. ఒక పిల్లాడు తెచ్చిచ్చిన చీటీ చూసి, సర్ఫరాజ్ తనని కాదన్నాడనుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఢిల్లీలో టీవీ విలేకరిగా చేస్తూ, దేవుళ్ళు తప్పిపోయారని కరపత్రాలు పంచుతున్న ఒక విచిత్రమైన మనిషిని చూస్తుంది. చివర్లో ప్రత్యక్ష ప్రసారంలో ఆ గ్రహాంతరవాసి, ఆ చీటీ మీద పేరే లేదు కదా, నీకే అని ఎలా అనుకున్నావు అంటాడు. బెల్జియంలోని పాకిస్తాన్ రాయబార కార్యాలయానికి ఫోన్ చేస్తారు. ప్రేమ గెలుస్తుంది. స్వామీజీ ఓడిపోతాడు.

ఇందులోంచి ‘అతికించిన’ భాగం తీసి చూడండి. పీకే ఆ చర్చలో ఎన్ని ప్రశ్నలు వేసినా స్వామీజీకి సమాధానాలున్నాయి. తరతరాల అనుభవం ఆయనది. ఆయన నోరు మూతపడింది ఒకే ఒక్క చోట, జగ్గు జీవితం గురించి చెప్పిన జోస్యం అబద్ధమని తేలినప్పుడు. అంటే సినిమా మొత్తం బరువు ఆ ప్రేమకథ మీదే ఉంది. ఇరుసు తీసేసి బండి నడవాలని కోరుకునే ప్రేక్షకుణ్ణి ఏమనాలి? ఆ అమ్మాయి ఏడుపు సాక్ష్యంగా కావాలి, వాదన గెలవడానికి కావాలి. వాదన గెలిచాక అది అనవసరపు అతుకు. మన ఉద్యమాల్లో, మన సాహిత్య సభల్లో ఆడవాళ్ళ జీవితాలని వాడుకునే తీరు దీనికి భిన్నంగా ఉందా?

ఇంతకన్నా నన్ను కలవరపెట్టే దృశ్యం ఇంకొకటుంది. పీకేకి భాష రాదు. ఎవరి చేయి అయినా పట్టుకుంటే వాళ్ళలోని భాష తనలోకి వస్తుంది. అందుకని రాజస్థాన్‌లో కనిపించిన ప్రతి స్త్రీ చేయీ పట్టుకోబోయి తన్నులు తింటాడు. దీన్ని వేరే అవసరంగా అర్థం చేసుకున్న భైరోన్ సింగ్ (సంజయ్ దత్) అతన్ని వేశ్యావాటికకి తీసుకెళ్తాడు. అక్కడ ఒకామె చేయి గంటల తరబడి పట్టుకుని భోజ్‌పురీ మొత్తం నేర్చేసుకుంటాడు. హాలంతా నవ్వింది. ఆడవాళ్ళూ నవ్వారు. ఆ తర్వాత రెండు గంటల సినిమా అంతా అతను మాట్లాడేది ఆమె భాష. ప్రేక్షకులు ముద్దుగా అనుకరించిన యాస అంతా ఆమెది.

రాజస్థాన్‌లో ఒక వేశ్యావాటికలో భోజ్‌పురీ మాట్లాడే స్త్రీ ఎందుకుంది?

భోజ్‌పురీ మాట్లాడేది బీహార్ పడమటి జిల్లాల్లో, ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో. అక్కణ్ణించి ఎడారి అంచు దాకా ఆమె ఎలా వచ్చింది? ఎవరు తెచ్చారు? ఏ వయసులో? దేవుడి దగ్గరికి రాంగ్ నంబర్ ఎలా కలుస్తోందో పసిగట్టిన ఆ తెలివైన గ్రహవాసికి, ఆమె లోపలున్న మాటలన్నీ తనలోకి తీసుకున్నవాడికి, ఈ కథ తెలియకుండా ఎలా ఉంటుంది? భాషంటే వ్యాకరణం ఒక్కటే కాదు కదా. తిట్లు, జోలపాటలు, అమ్మ పిలిచిన పేరు అన్నీ వస్తాయి. అవన్నీ తీసుకుని ఆ గుమ్మం దిగాక అతను దేవుళ్ళ బొమ్మలతో ‘లాపతా’ కాగితాలు అచ్చేయించి పంచుతాడు. తప్పిపోయిన మనిషి చేయి పట్టుకుని కూచున్నాడు. ఆమె కోసం ఒక్క కాగితం వేయలేదు. ప్రేక్షకుల అభిప్రాయాల్లో దేవుళ్ళకి జరిగిన అవమానం గురించి పేజీలకి పేజీలున్నాయి.

ఇంకో నవ్వు. తెల్లబట్టలంటే వైధవ్యమని ఒకచోట తెలుసుకున్న పీకే, చర్చి దగ్గర తెల్లగౌను వేసుకున్న పెళ్ళికూతురికి సంతాపం చెప్పబోతాడు. నల్లరంగు సంతాపానికి గుర్తని చెబితే బురఖాలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్తాడు. మతాల మధ్య తేడాలు ఎంత కృత్రిమమో చెప్పడానికి చాలా మంచి హాస్యం అన్నారు. నిజమే. కానీ ఆ తేడాలన్నీ ఆడవాళ్ళ ఒంటిమీదే ఎందుకు ఆరేసి ఉన్నాయి? భార్య పోయిన మగవాడికి ఏ రంగు? ఆ ఒక్క ప్రశ్న కూడా అడిగి ఉంటే అతను నిజంగా వేరే గ్రహం నుంచే వచ్చాడని నమ్మేదాన్ని. మగవాడి లోకం అతనికి వింతగా తోచలేదు. ప్యాంటూ షర్టూ అర్థం కాని గ్రహంలోనూ ఆ ఒక్కటి మనలాగే ఉన్నట్టుంది.

చివర్లో టేపుల ఘట్టానికి కళ్ళు తుడుచుకోని వాళ్ళు తక్కువ. భూమ్మీది శబ్దాలు పట్టుకెళ్తున్నానని చెప్పి, జగ్గు గొంతు నింపుకున్న క్యాసెట్లు మోసుకుపోతాడు. అబద్ధం నేర్చుకున్నాడు పాపం, ఎంత త్యాగం అన్నారు. ఒక స్త్రీ నుంచి భాష తీసుకున్నాడు, ఇంకో స్త్రీ నుంచి గొంతు తీసుకున్నాడు. ఆమెకి తెలియకుండా ఆమె గొంతు రికార్డు చేసి దాచుకోవడానికి మన ఊళ్ళలో, మన కాలేజీల్లో ఏ పేరుందో, దానివల్ల ఎంతమంది అమ్మాయిలు చదువు మానేశారో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. దర్శకుడి ఉద్దేశం అది కాదంటారు. ఉద్దేశాలని నేను విమర్శించడం లేదు. ఆ ఘట్టంలో మనం ఎవరి కోసం ఏడ్చామన్నదే అడుగుతున్నాను.

నిరుడు ఎం.ఏ. తరగతిలో ఈ సినిమా చర్చకి పెట్టాను. “సరదా సినిమాని సరదాగా చూడొచ్చు కదా మేడమ్” అని అబ్బాయిలు అన్నారు. ఎదురుచూసిందే. ముందు బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, “విలేకరి కదా మేడమ్, ఒక్క ఫోన్ చేసుకుంటే సరిపోయేది. ఆమెకి ఆమాత్రం తోచదా?” అంది. తోచదు. తోస్తే చెప్పడానికి మగవాడు అక్కర్లేదు. ఆమె ప్రేమ నిజమని ఆమెకే తెలియజెప్పడానికి పరాయి గ్రహం నుంచి ఒకడు రావాలి, అదీ తండ్రి చూస్తుండగా, దేశమంతా చూస్తుండగా. ముస్లిం అయితే మోసం చేస్తాడని ముందే చెవిలో వేసినందుకే ఆమె ఆ చీటీని అలా చదువుకుందని సినిమా చెబుతుంది. అది గట్టి మాటే. 2014లో ‘లవ్ జిహాద్’ కేకల మధ్య ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ అక్కడే ఆగిపోయింది. అపార్థం తొలగింది, తండ్రి కళ్ళు తెరుచుకున్నాయి, అంతే. ఆ తండ్రి కూతురికి ఒక్క జవాబూ చెప్పుకోనక్కర్లేదు.

మన దగ్గర ఈ కథలు ఎలా నడుస్తాయి? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యని ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్న దళిత యువకుణ్ణి ఆమె కళ్ళముందే నరికారు. నల్లగొండ కోర్టు తీర్పు రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. 2022 మేలో సరూర్‌నగర్‌లో ముస్లిం అమ్మాయిని పెళ్ళాడిన దళిత యువకుణ్ణి నడిరోడ్డు మీద చంపారు. ఆమె సోదరుణ్ణి అరెస్టు చేశారు. ఈ రెండు చోట్లా ఏ చీటీ చేతులు మారలేదు. ఎవరూ ఎవర్నీ అపార్థం చేసుకోలేదు. వాళ్ళు ప్రేమించుకున్నారని అందరికీ స్పష్టంగా తెలుసు. ఇంత తెలిసిన ప్రేక్షకులకి ప్రేమకథ అతికించినట్టు అనిపించడం నాకు మింగుడుపడదు.

పీకే ఒక్కడి విషయం కూడా కాదు. పైనుంచి దిగి వచ్చి ప్రేమలో పడే వాళ్ళ కథల్ని పక్కపక్కన పెడితే ఒక పద్ధతి కనిపిస్తుంది. 1984 నాటి హాలీవుడ్ చిత్రం ‘స్టార్‌మ్యాన్’లో మగ గ్రహవాసి చనిపోయిన భర్త రూపంలో వస్తాడు, వితంతువుని ప్రేమిస్తాడు, ఆమె కడుపులో బిడ్డని పెట్టి వెళ్ళిపోతాడు. 1988లో వచ్చిన ‘మై స్టెప్‌మదర్ ఈజ్ యాన్ ఏలియన్’లో కిమ్ బేసింగర్ తన గ్రహాన్ని కాపాడుకునే పని మీద వస్తుంది. వచ్చిన పని అటుంచి ముద్దు పెట్టడం నేర్చుకుంటుంది, వంట చేస్తుంది, విధురుడైన శాస్త్రవేత్తకి భార్యగా, అతని కూతురికి సవతి తల్లిగా ఉండిపోతుంది. మన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990)లో ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుంటుంది. అది లేనిదే స్వర్గానికి తిరిగి వెళ్ళలేదు. శ్రీదేవిని అంత ఇష్టంగా చూసిన మనలో ఎవరమైనా ఆమె ఇంటికి వెళ్ళిపోతే బాగుండునని కోరుకున్నామా? పోయింది ఆమె ఉంగరమైనా, పీకే మెళ్ళో రిమోట్ అయినా ముడి ఒకటే. మగవాడికి పోయిన వస్తువు దొరుకుతుంది, లోకానికి నాలుగు మంచి మాటలు చెప్పి తిరిగి వెళ్తాడు. ఆడది దిగితే కాపురం చేస్తుంది. ఋగ్వేదం పదో మండలంలో ఊర్వశి నయం. పురూరవుడు ఎంత బతిమాలినా తిరిగి రానని తెగేసి చెప్పింది.

పీకే ఏడాది తర్వాత మళ్ళీ వస్తాడు, ఈసారి తోటి గ్రహవాసుల్ని వెంటబెట్టుకుని. వాళ్ళలో రణబీర్ కపూర్‌ని చూడగానే మా హాల్లో ఈలలు. సరిగ్గా అంతకుముందే జగ్గు తాను రాసిన పుస్తకం చదివి వినిపించిన సంగతి ఆ ఈలల్లో కొట్టుకుపోయింది. మనం చూసిన కథంతా రాసిపెట్టింది ఆమె. రెండో భాగం ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళు ఇప్పటికీ తగులుతుంటారు, పీకే మళ్ళీ వస్తే ఈసారి ఎవర్ని ఏకిపారేస్తాడో అంటూ. జగ్గు ఆ తర్వాత ఇంకో పుస్తకం రాసిందా అని అడిగినవాళ్ళు నాకింకా తగల్లేదు.